అరవై ముగ్గురు ఖాళీ, ఒక్కడికి ఐదు గంటల పని

క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు) మీద 64 ప్రాసెస్‌లతో నడిచే సిమ్యులేషన్ ప్రోగ్రామ్ ఒకటి నా చేతికొచ్చింది. లెక్క కట్టాల్సిన కేసులు 4096. రాసినవాళ్లు 4096ను 64తో భాగించి, మొదటి 64 కేసులు సున్నా నంబరు ప్రాసెస్‌కి, తర్వాతి 64 ఒకటో నంబరుకి, ఇలా వరసగా పంచేశారు. చూడ్డానికి న్యాయంగానే ఉంది. గంటలో అయిపోవాల్సిన పని ఐదు గంటలు పట్టింది.

ఒక్కో నోడ్‌లోకి లాగిన్ అయి టాప్ కమాండ్ కొట్టి చూశాను. అన్ని కోర్లూ నూటికి నూరు శాతం బిజీ. అందరూ ఒళ్లొంచి పనిచేస్తుంటే ఆలస్యం ఎక్కడ అని రెండు రోజులు నెట్‌వర్క్‌ని, మూడో రోజు డిస్క్‌ని అనుమానించాను. తీరా చూస్తే మొదటి గంట తర్వాత పనిచేస్తున్నది ఒకే ఒక్క ప్రాసెస్. మిగతా 63 తమ వాటా ముగించుకుని, అందరూ వచ్చేదాకా ఆగాల్సిన బ్యారియర్ దగ్గర నిలబడి ఉన్నాయి. ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు మోసే ఎంపీఐ లైబ్రరీలు మామూలుగా నిద్రపోతూ ఎదురుచూడవు. మెసేజ్ వచ్చిందా, వచ్చిందా అని లూప్‌లో తిరుగుతూనే ఉంటాయి. అందుకే ఏ పనీ లేని కోర్ కూడా టాప్‌లో నూరు శాతం చూపిస్తుంది. ఈ సంగతి నాకప్పటికి తెలియదు.

ఇలాంటి ప్రోగ్రామ్ చేతిలో ఉండి, డైనమిక్ లోడ్ బ్యాలెన్సింగ్ (రన్ నడుస్తుండగానే పనిని సర్ది పంచడం) పెట్టాలా వద్దా, పెడితే ఎలా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎంపీఐలో మెసేజ్ పంపడం, అందుకోవడం వచ్చి ఉంటే చాలు.

ముందు కొలత

ప్రతి ప్రాసెస్‌లోనూ రెండు సంఖ్యలు దాచండి: అసలు లెక్కలో గడిపిన సమయం, ఎదురుచూపులో గడిపిన సమయం. బ్యారియర్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, సమయం చెప్పే ఎంపీఐ డబ్ల్యూటైమ్ పిలిచి తేడా తీస్తే రెండోది వస్తుంది. చివర్లో ర్యాంకు (ఎంపీఐలో ప్రాసెస్ నంబరు), ఈ రెండు సమయాలు ఒక ఫైల్లో రాయించండి. ప్రొఫైలర్లు మంచివే, కానీ మొదటి రోజు ఈ ఫైలు చాలు.

ఇప్పుడు పని సమయాల్లో గరిష్ఠాన్ని సగటుతో భాగించండి. నా ప్రోగ్రామ్‌లో మొత్తం పని 64 కోర్-గంటలు. సగటు 60 నిమిషాలు, గరిష్ఠం 300 నిమిషాలు. నిష్పత్తి 5. అంటే 320 కోర్-గంటలు అట్టేపెట్టుకుని 64 మాత్రమే వాడాను, నూటికి ఇరవై. ఈ నిష్పత్తి 1.05 దగ్గరుంటే ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి ఇంకో పని చూసుకోవచ్చు. అక్కడ బ్యాలెన్సర్ రాస్తే మిగిలేది బగ్గులే.

కోర్ల సంఖ్య, సగటు చూస్తే సరిపోదు. ఒక్కో కేసుకి ఎంత సమయం పట్టిందో కూడా రాయించండి. పని ఎలా పంచినా మొత్తం సమయం రెండింటికంటే తగ్గదు: ఒకటి, మొత్తం పనిని ప్రాసెస్‌ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది, రెండు, అన్నింటికంటే పొడవైన ఒక్క ముక్క. నా కేసుల్లో ఒకటి ఒంటరిగా 40 నిమిషాలు తింటోంది. 64 ప్రాసెస్‌లతో అది అడ్డం కాదు, ఎందుకంటే మొదటి హద్దు 60. కానీ 128 ప్రాసెస్‌లు అడిగితే మొదటి హద్దు 30కి దిగుతుంది, రెండోది 40 దగ్గరే ఉండిపోతుంది. రెట్టింపు కోర్లు తెచ్చినా 40కి తక్కువ రాదని రన్ చేయకముందే తెలిసిపోయింది.

ఎందుకు వంకర వచ్చింది?

పని పంపకంలో మూడు రకాల వంకరలు ఉంటాయి. మందు దేనికది వేరు కాబట్టి మీది ఏదో ముందు తేల్చుకోండి.

మొదటిది, ముక్కలే సమానం కాకపోవడం. నాది ఇదే. లిస్టు చివర ఎవరో కొత్తగా చేర్చిన 64 కేసులు చాలా సన్నటి గ్రిడ్‌వి. అవన్నీ కలిపి ఐదు గంటలు. మిగతా 4032 కేసులు సగటున 53 సెకన్ల చొప్పున మొత్తం 59 గంటలు. వరసగా కోయడం వల్ల బరువైన 64 కేసులూ సరిగ్గా చివరి ప్రాసెస్ ఒళ్లో పడ్డాయి.

రెండోది, ముక్కలు సమానమే కానీ యంత్రాలు సమానం కావు. పాత నోడ్లు, కొత్త నోడ్లు కలిసి ఉంటాయి. వేడెక్కి క్లాక్ తగ్గించుకునే ప్రాసెసర్ ఒకటి ఉంటుంది. పక్క జాబ్‌తో మెమరీ బ్యాండ్‌విడ్త్ పంచుకునే నోడ్ ఒకటి ఉంటుంది. ఇక మూడోది, రన్ నడుస్తుండగానే బరువు చోటు మారడం. కణాలు ఒక మూలకి గుమిగూడడం, షాక్ వేవ్ వెంట గ్రిడ్ సన్నబడడం లాంటివి. ఇందులో ముక్కలు విడివిడిగా ఉండవు. డేటా ఒక ప్రాసెస్‌కి అతుక్కుని ఉంటుంది, పొరుగువాళ్లతో ప్రతి స్టెప్పులోనూ మాట్లాడాలి. అందుకే దాని సంగతి విడిగా చెప్తాను.

డైనమిక్ జోలికి పోకముందు

వరసగా కోయడం మానేసి, కేసు నంబరును 64తో భాగిస్తే వచ్చే శేషం ఏ ర్యాంకుదైతే ఆ ర్యాంకుకి ఇచ్చాను. ఒక్క లైను మార్పు. చివరి 64 బరువు కేసులూ తలా ఒకటి పడ్డాయి. దాదాపు అందరూ గంటలోపే ముగించారు. 40 నిమిషాల కేసు పడినవాడు మాత్రం తన 63 మామూలు కేసులకి 55 నిమిషాలు, దానికి 40, మొత్తం 95 నిమిషాలు తీసుకున్నాడు. ఐదు గంటల నుంచి 95 నిమిషాలకి, అదీ ఒక్క మెసేజ్ రాయకుండా. మీ లిస్టులో బరువులు ఏదో ఒక చక్రంలో వస్తుంటే ఈ పద్ధతి ఎదురుతిరుగుతుంది. ప్రతి 64వ కేసూ బరువైనదే అనుకోండి, అవన్నీ ఒకడికే పోతాయి. అప్పుడు లిస్టును యాదృచ్ఛికంగా కలిపేయండి. రాండమ్ సీడ్ మాత్రం స్థిరంగా ఉంచండి, లేకపోతే రేపు బగ్ వెతకలేరు.

అడిగినవాడికి ఇచ్చే పద్ధతి

ఇప్పుడు అసలు డైనమిక్. అన్నింటికంటే సులువైనది మాస్టర్-వర్కర్. సున్నా ర్యాంకు లెక్కలు చేయదు, లిస్టు పట్టుకుని కూర్చుంటుంది. వర్కర్ "ఖాళీగా ఉన్నాను" అని మెసేజ్ పంపితే తర్వాతి కేసు నంబరు జవాబుగా ఇస్తుంది. లిస్టు అయిపోయాక అడిగినవాడికి "ఆపు" అని వేరే ట్యాగ్‌తో పంపుతుంది. ఎంతమందికి "ఆపు" చెప్పిందో లెక్కపెట్టుకుని, అందరికీ చెప్పాక తనూ లేచిపోతుంది. మాస్టర్ ఎంపీఐ ఎనీ సోర్స్‌తో ఎవరి మెసేజైనా అందుకోవాలి. ర్యాంకుల వరసలో అందుకుంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు. వెనక ఫలితం, కొత్త అభ్యర్థన రెండూ ఒకే మెసేజ్‌లో పంపితే రాకపోకలు సగం తగ్గుతాయి.

ఇదంతా రాసి, పరీక్షించి, గర్వంగా రన్ చేశాను. 96 నిమిషాలు. ఒక్క లైను మార్పుతో వచ్చిన దానికంటే ఒక నిమిషం ఎక్కువ!

కారణం కాగితం మీద వేస్తే తేలిపోతుంది. లిస్టు వరస మార్చలేదు కదా. 63 వర్కర్లూ మామూలు కేసులన్నీ 56 నిమిషాల్లో ఊదేశారు. అప్పుడు బరువైనవి మొదలయ్యాయి. 40 నిమిషాల కేసు 56వ నిమిషంలో ఎవడికో దొరికింది, మిగతావాళ్లు కాసేపట్లో ముగించి వాడి మొహం చూస్తూ కూర్చున్నారు. ఏ వరసలో ఉన్న లిస్టునైనా, ఖాళీ అయినవాడికి తర్వాతి ముక్క ఇస్తూ పోతే అన్నింటికంటే మంచి షెడ్యూలుకి రెట్టింపు దాటదని రొనాల్డ్ గ్రాహమ్ 1966లోనే నిరూపించాడు. నిజమే, దాటలేదు. కానీ రెట్టింపు దాకా పోవచ్చు కూడా. ఆయనే 1969లో ఇంకోటి చూపించాడు: పెద్ద ముక్కలు ముందు ఇస్తే, ఆ హద్దు సుమారు మూడింట నాలుగు వంతులకి, అంటే 1.33 రెట్లకి దిగుతుంది.

కాబట్టి బరువైనవి ముందు. ఏది బరువో ముందే ఎలా తెలుస్తుంది అంటారా? కచ్చితంగా తెలియనక్కర్లేదు. గ్రిడ్‌లోని గళ్ల సంఖ్య, ఫైలు సైజు, పోయినసారి రన్‌లో పట్టిన సమయం, వీటిలో ఏదో ఒకటి చాలు. వరస దాదాపుగా సరిపోతే సరి. నేను గళ్ల సంఖ్యను బట్టి పెద్దవి ముందు, చిన్నవి వెనక వచ్చేలా పెట్టాను. 61 నిమిషాలు చిల్లర వచ్చింది. 64 గంటల పనిని 63 మందికి పంచితే 61 కాబట్టి, ఇక పిండడానికి ఏమీ లేదు.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

ఒక్కసారికి ఎన్ని ముక్కలు?

ఒక్కో కేసుకీ ఒక్కో మెసేజ్ దండగ కదా అనిపించి, గైడెడ్ పద్ధతి పెట్టాను. పాలీక్రోనోపౌలోస్, కుక్ 1987లో ప్రతిపాదించినది ఇది: మిగిలిన ముక్కల్ని ప్రాసెస్‌ల సంఖ్యతో భాగించి, అన్ని ఒక్కసారే ఇవ్వడం. మొదట పెద్ద పెద్ద ముద్దలు పోతాయి, చివరికి వచ్చేసరికి ఒక్కొక్కటే మిగులుతుంది కాబట్టి ముగింపు సాఫీగా ఉంటుంది. ఒకే యంత్రంలోని థ్రెడ్లకి పని పంచే ఓపెన్‌ఎంపీలో గైడెడ్ షెడ్యూలు వెనకున్న ఆలోచన ఇదే.

నా లిస్టులో 4096ని 63తో భాగిస్తే 65. లిస్టు తలమీద ఉన్నవేమో బరువైన 64. మొదట అడిగినవాడికి ఆ 64నీ ముద్దగా కట్టి చేతిలో పెట్టాను. మళ్లీ ఐదు గంటలు.

బరువైనవి ముందు పెట్టడం మంచిదే, మొదట పెద్ద ముద్దలు ఇవ్వడమూ మంచిదే. రెండూ కలిపితే మాత్రం విషమే. ముద్దలు ఇవ్వాలంటే లిస్టును కలగాపులగం చేయండి. లేదా ముద్దను కేసుల సంఖ్యతో కాకుండా అంచనా బరువుతో కొలవండి. మిగిలిన బరువులో సగాన్ని అందరికీ సమంగా కోసి, అవి అయ్యాక మిగిలిన దాంట్లో సగం, ఇలా దిగే ఫ్యాక్టరింగ్ పద్ధతి నాకు గైడెడ్ కంటే నచ్చుతుంది. మొదటి ముద్ద సగమే కాబట్టి అంచనా తప్పినా దెబ్బ తక్కువ.

అసలు నాకు ముద్దలే అక్కర్లేదు. గంటలో 4096 అభ్యర్థనలు అంటే సెకనుకి ఒకటి చిల్లర. మాస్టర్ ఆవలిస్తూ కూర్చుంటాడు. ముద్దలు ఎప్పుడు కావాలో ఒక భాగహారం చెప్తుంది: ముక్కకి పట్టే సమయాన్ని, మాస్టర్ ఒక అభ్యర్థన తీర్చడానికి పట్టే సమయంతో భాగించండి. మాస్టర్‌కి 20 మైక్రోసెకన్లు పడుతుందనుకుందాం. ముక్క 10 మిల్లీసెకన్లయితే 500 మంది వర్కర్ల దాకా మాస్టర్ తట్టుకుంటాడు. ముక్క 1 మిల్లీసెకనే అయితే 50 మందితోనే గుమ్మం దగ్గర క్యూ మొదలవుతుంది. అప్పుడు వందేసి ముక్కలు ఒక ముద్ద చేస్తే మళ్లీ 5000 మందికి సరిపోతుంది. ఈ 20ని నమ్మకండి, మీ క్లస్టర్‌లో మీరే కొలుచుకోండి.

ఇంకో చిట్కా ఉంది. వర్కర్ చేతిలో పని పూర్తికాకముందే తర్వాతి ముక్క అడిగి పక్కన పెట్టుకుంటే, మెసేజ్ రాకపోకల సమయం కనిపించకుండా పోతుంది. చిన్న ముక్కలకి ఇది బాగా కలిసొస్తుంది. కానీ 40 నిమిషాల కేసు నములుతున్నవాడి పక్కన ఇంకో ముక్క బందీగా ఉంటే? లిస్టు ఆఖరికి వస్తోందనగా ముందస్తు అభ్యర్థనలు ఆపేయండి.

మాస్టరే వద్దనుకుంటే ఉమ్మడి లెక్కపెట్టె పెట్టుకోవచ్చు. ఒక ర్యాంకు మెమరీలో ఒక అంకె ఉంటుంది. ఎవరికి పని కావాలన్నా ఆ అంకెను చదివి, అదే ఊపులో ఒకటి కలిపి వస్తారు. చదివిన అంకే వాళ్ల కేసు నంబరు. 2012లో వచ్చిన ఎంపీఐ-3లో ఫెచ్ అండ్ ఆప్ దీనికి సరిగ్గా సరిపోతుంది. క్వాంటం కెమిస్ట్రీ ప్రోగ్రామ్ ఎన్‌డబ్ల్యూకెమ్ ఇలాంటి లెక్కపెట్టెనే నెక్స్ట్‌వాల్ అనే పేరుతో చాలాకాలం వాడింది. ఒక్క జాగ్రత్త: కొన్ని ఎంపీఐ అమలుల్లో, అంకె ఉన్న ర్యాంకు తన లెక్కల్లో మునిగి ఎంపీఐలోకి తొంగిచూడకపోతే అవతలివాళ్ల అభ్యర్థన కదలదు. పెట్టె ఉన్న ర్యాంకుకి పెద్ద ముక్క దొరికిన మరుక్షణం అందరూ బిగుసుకుపోతారు. మీ లైబ్రరీలో వెనకనుంచి ప్రోగ్రెస్ చూసే థ్రెడ్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే ఆ ర్యాంకుకి లెక్కలు ఇవ్వకండి.

దొంగతనం

ఎన్ని ముక్కలున్నాయో ముందే తెలిస్తే పైన చెప్పినవి చాలు. కానీ ముక్కలోంచి ముక్కలు పుట్టే పనులుంటాయి. చెట్టు వెతుకులాట అలాంటిది: ఒక కొమ్మ పట్టుకుంటే దానికింద పది ఉండొచ్చు, పది లక్షలు ఉండొచ్చు. దీనికి వర్క్ స్టీలింగ్.

ప్రతి ప్రాసెస్‌కీ తన పనుల వరస ఉంటుంది. కొత్తగా పుట్టిన పనిని ఒక కొసన పెడుతుంది, అదే కొసనుంచి తీసుకుంటుంది. వరస ఖాళీ అయితే యాదృచ్ఛికంగా ఒకడిని ఎంచుకుని వాడి రెండో కొసనుంచి దొంగిలిస్తుంది. రెండో కొసే ఎందుకంటే అక్కడున్నవి పాతవి, చెట్టు మొదలుకి దగ్గరివి, కాబట్టి పెద్దవి. ఒక్క దొంగతనంతో చాలాసేపటికి సరిపడా పని దొరుకుతుంది. సొంతదారుడేమో క్యాష్‌లో వేడిగా ఉన్న కొత్త పనులే తింటుంటాడు. ఇద్దరికీ గొడవ తక్కువ. బ్లూమాఫ్, లైసర్సన్ 1994లో దీనికి గట్టి నిరూపణ ఇచ్చారు: పట్టే సగటు సమయం, మొత్తం పనిని ప్రాసెసర్ల సంఖ్యతో భాగించిన దానికి, ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ పనుల్లో అన్నింటికంటే పొడవైన గొలుసుకి అనులోమంగా ఉండే చిన్న మొత్తం కలిపినంతే. ఎంఐటీలో పుట్టిన సిల్క్ భాష నడిచేది దీనిమీదే.

అయితే ఆ విశ్లేషణలన్నీ ఒకే మెమరీని పంచుకునే యంత్రంలో హాయిగా కుదురుతాయి. క్లస్టర్‌లో దొంగతనం అంటే అడిగి పుచ్చుకోవడమే. అవతలివాడు పని మధ్యలో ఆగి, ఎవరైనా అడిగారా అని ఐప్రోబ్‌తో చూడాలి. ఎంత తరచుగా? నేను మొదట అన్నింటికంటే లోపలి లూప్‌లో పెట్టాను, లెక్క వేగమే పడిపోయింది. తర్వాత విసుగొచ్చి పెద్ద ముక్కకి ఒకసారి అన్నాను, దొంగలు సెకన్ల తరబడి గుమ్మంలో నిలబడ్డారు. చివరికి ఐప్రోబ్‌కి పోయే సమయం లెక్కలో ఒక శాతం దాటకుండా, ఎన్ని కొమ్మలకి ఒకసారి చూడాలో రన్ మొదట్లోనే కొలిచి పెట్టుకునేలా రాశాను.

దూరం నుంచి వచ్చిన దొంగకి ఒక్క పని ఇస్తే రాకపోకల ఖర్చు గిట్టదు. వరసలో సగం ఇచ్చేయండి. ఇచ్చాక వాడూ ఇతరులకి దొరికే ఇల్లవుతాడు, అలా పని త్వరగా పాకుతుంది. కానీ వరసలో రెండు మూడే ఉంటే లేదని చెప్పండి. ఎక్కడా దొరకని దొంగ వెంటవెంటనే అందరి తలుపులూ కొట్టకుండా, విఫలమైన ప్రతిసారీ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. రన్ ఆఖర్లో అందరూ దొంగలే అయిపోయి, మిగిలిన ఒక్క పనివాడిని అభ్యర్థనలతో ముంచెత్తడం నేను చూశాను.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

నా ఎక్కువ రాత్రులు పోయింది ఇక్కడే. చెట్టులో ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టే పరీక్ష పెట్టుకున్నాను. చెట్టు ఎప్పుడూ ఒకటే, కాబట్టి జవాబు ఎప్పుడూ ఒకటే రావాలి. పది రన్‌లకి ఒకటి తక్కువ చూపించేది. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు, ఊరికే తక్కువ.

నేను చేసిందేమిటంటే, అప్పుడప్పుడూ అందరినీ "ఖాళీయేనా" అని అడిగి, అందరూ అవునంటే ముగించడం. ఒకడు తన సగం పనిని దొంగకి పంపించి, మిగతా సగం పూర్తిచేసి ఖాళీ అన్నాడు. పంపిన పని ఇంకా దారిలోనే ఉంది. దొంగ చేతికి అందలేదు కాబట్టి వాడూ ఖాళీయే అన్నాడు. అందరూ నిజమే చెప్పారు. దారిలో ఉన్న మెసేజ్ తరఫున చెప్పడానికి ఎవరూ లేరు.

డైక్‌స్ట్రా, ఫైయెన్, ఫాన్ హాస్టరెన్ 1983లో ఒక టోకెన్ పద్ధతి ఇచ్చారు. మెసేజ్‌లు దారిలో ఆలస్యం అయ్యే మన పరిస్థితికి సరిపోయేది సఫ్రా దాన్ని మెరుగుపరిచిన రూపం. డైక్‌స్ట్రా దాన్ని 1987లో తన నోట్సులో రాసిపెట్టాడు. ఇది ఇలా నడుస్తుంది. ప్రతి ప్రాసెస్ దగ్గరా ఒక లెక్క ఉంటుంది: పని పంపితే ఒకటి కలుపు, పని అందితే ఒకటి తీసేయి. పని అందుకున్నవాడు నల్లబడతాడు. ర్యాంకులన్నీ వలయంగా నిలబడ్డాయనుకోండి. సున్నా ర్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు తను తెల్లబడి, సున్నా అంకెతో ఒక తెల్ల టోకెన్ వదులుతుంది. టోకెన్ వచ్చినవాడు తన చేతిలో పని ఉంటే అది అయ్యేదాకా టోకెన్‌ని పట్టుకుంటాడు. ఖాళీ అయ్యాక తన లెక్కని టోకెన్ అంకెకి కలుపుతాడు. తను నల్లగా ఉంటే టోకెన్‌ని నల్లగా చేసి, తను తెల్లబడి, ముందుకి పంపుతాడు. టోకెన్ సున్నా ర్యాంకుకి తిరిగొచ్చినప్పుడు సున్నా ఖాళీగా ఉండి, టోకెన్ తెల్లగా, తనూ తెల్లగా, టోకెన్ అంకె తన లెక్కతో కలిపి సున్నా అయితే అప్పుడు నిజంగా అయిపోయినట్టు. ఏది కుదరకపోయినా ఇంకో చుట్టు. లెక్కలోకి తీసుకోవాల్సింది పని మోసే మెసేజ్‌లనే. "పని ఉందా", "లేదు" అనే మాటల్ని లెక్కించక్కర్లేదు, అవి ఎవరినీ నిద్రలేపవు.

టోకెన్ తలనొప్పి అనుకుంటే, వందల్లో ఉన్న ప్రాసెస్‌లకి ఒక ఉమ్మడి లెక్కపెట్టె కూడా సరిపోతుంది. పుట్టిన పనికి ఒకటి కలపడం, ముగిసిన పనికి ఒకటి తీసేయడం. సున్నా అయితే ముగింపు. పిల్లల్ని కలిపాకే తల్లిని తీసేయాలి. ఈ వరస తిరగబడితే లెక్క మధ్యలోనే ఒక్క క్షణం సున్నా తాకుతుంది, ఆ క్షణంలోనే ఎవడో చూస్తాడు.

డేటా అతుక్కుని ఉన్నప్పుడు

ఇక మూడో రకం వంకర, స్టెప్పు స్టెప్పుకీ నడిచే సిమ్యులేషన్. ఇక్కడ సొంతంగా భాగాలు కోసే కోడ్ రాయకండి. జోల్టన్, పార్మెటిస్ లాంటి లైబ్రరీలు ఉన్నాయి. పొరుగు సంబంధాలు చిక్కగా ఉంటే గ్రాఫ్ పద్ధతి, బిందువులూ గళ్లూ అయితే హిల్బర్ట్ వక్రం (గళ్లన్నింటి గుండా మెలికలు తిరుగుతూ, పొరుగు గళ్లని వీలైనంత దగ్గరగా ఉంచే గీత) మీద వరసగా పేర్చి బరువు ప్రకారం కోసే పద్ధతి. రెండోది కోత అందంగా లేకపోయినా చాలా వేగం, నేను ముందు దాంతోనే మొదలుపెడతాను. కోడ్ మొదట్నుంచీ రాస్తున్నవాళ్లయితే ఇల్లినాయ్ యూనివర్సిటీలో లక్ష్మీకాంత్ కాలే బృందం తయారుచేసిన చార్మ్ ప్లస్ ప్లస్ చూడండి. ప్రాసెసర్ల కంటే చాలా ఎక్కువ ముక్కలు చేసి, వాటిని రన్‌టైమే కొలిచి, అదే జరుపుతుంది. అణువుల కదలికలు లెక్కించే నామ్డ్ దానిమీదే నడుస్తుంది.

మీరు తేల్చుకోవాల్సింది, డేటాని ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి ఎప్పుడు జరపాలి అన్నది. నా సూత్రం చిన్నది. ప్రతి స్టెప్పులో గరిష్ఠ సమయంలోంచి సగటు తీసేసి, ఆ నష్టాన్ని కూడుతూ పోండి. కూడిక, ఒకసారి జరపడానికయ్యే ఖర్చుని దాటితే జరపండి, కూడికను సున్నా చేయండి. గరిష్ఠం 2 సెకన్లు, సగటు 1.6, జరపడానికి 20 సెకన్లు అయితే 50 స్టెప్పులకి ఒకసారి. ప్రతి పది స్టెప్పులకీ అని గుడ్డిగా పెట్టినవాళ్ల కోడ్‌లో బ్యాలెన్సింగే పెద్ద ఖర్చవడం చూశాను. బరువుకి గుర్తుగా కణాల సంఖ్య వాడకండి, పోయిన స్టెప్పుల్లో గడియారం చూపించిన సమయం వాడండి. ఒక చోటి కణాలకి పొరుగువాళ్లు ఎక్కువైతే, సంఖ్య అంతే ఉన్నా పని రెట్టింపవుతుంది.

నత్తనడక నోడ్

యంత్రమే మందకొడి అయితే అడిగినవాడికి ఇచ్చే పద్ధతి చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది, మందకొడివాడు తక్కువ అడుగుతాడు. ఆఖరి ముక్క వాడి చేతిలో చిక్కితేనే కష్టం. జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ 2004 నాటి మ్యాప్‌రెడ్యూస్ పత్రంలో దీనికి మందు చెప్పారు: పని చివరికొచ్చాక, ఇంకా నడుస్తున్న ముక్కల్ని ఖాళీగా ఉన్నవాళ్లకి మళ్లీ ఇవ్వడం, ఎవరు ముందు ముగిస్తే వాళ్లది తీసుకోవడం. ఆ ఏర్పాటు తీసేస్తే వాళ్ల సార్టింగ్ పరీక్షకి 44 శాతం ఎక్కువ సమయం పట్టింది. దీనికి ఒకే ముక్కను రెండుసార్లు చేసినా హాని ఉండకూడదు. ఫలితాన్ని తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకి మార్చండి, ఒకరి సగం ఫైలు ఇంకొకరు తొక్కకుండా.

ఫలితాలు మారిపోతున్నాయా?

మారతాయి. డైనమిక్‌లో ఏ ముక్క ఎవరికి పోతుందో రన్‌కోలా ఉంటుంది. రాండమ్ సీడ్‌ని ర్యాంకు నంబరుతో కట్టి ఉంటే ఇప్పుడే విప్పి కేసు నంబరుకి కట్టండి. ఫ్లోటింగ్ పాయింట్ కూడికలో వరస మారితే చివరి అంకెలు మారతాయి కాబట్టి, వచ్చినవి వచ్చినట్టు కూడకుండా కేసు నంబరు వరసలో దాచి ఆఖర్న కూడండి. ఈ రెండూ చేయకుండా బ్యాలెన్సర్ పెడితే, వచ్చిన తేడా మీ బగ్గో, కూడిక చిలిపితనమో ఎప్పటికీ తేలదు.

పరీక్షించడానికి క్లస్టర్ అక్కర్లేదు. ఒక్కో కేసుకి పట్టిన సమయాల ఫైలు ఉంది కదా, దాన్ని వెయ్యో వంతుకి కుదించి, అసలు లెక్క బదులు అంతసేపు నిద్రపోయే ఉత్తుత్తి కేసులు చేయండి. నిద్రపోయేవి కోర్ తినవు కాబట్టి ల్యాప్‌టాప్ మీదే 64 ప్రాసెస్‌లు నడుస్తాయి. ఎదురుచూసేవాళ్లు లూప్‌లో తిరగకుండా, అందుకునే చోట ఐప్రోబ్‌కీ ఐప్రోబ్‌కీ మధ్య చిన్న నిద్ర పెట్టాలి. ఐదు గంటల రన్ 18 సెకన్లలో కళ్లముందు తిరుగుతుంది. గైడెడ్ పెట్టినప్పుడు నేనిది చేసి ఉంటే ఒక రాత్రి క్లస్టర్ సమయం మిగిలేది.

తర్వాత 128 ప్రాసెస్‌లు దొరికాయి. అనుకున్నట్టే 40 నిమిషాల దగ్గర ఆగిపోయింది. ఆ ఒక్క కేసునీ లోపల్లోపల థ్రెడ్లకి ఎలా కోయాలా అని వారం పాటు బొమ్మలు గీశాను. కోసేముందు దాని ఇన్‌పుట్ ఫైలు ఒకసారి తెరిచి చూశాను. కన్వర్జెన్స్ హద్దులో (జవాబు ఎంత దగ్గరకొస్తే ఆపాలో చెప్పే సంఖ్య), పక్క 63 కేసుల్లో లేని మూడు సున్నాలు ఎవరో ఎక్కువ కొట్టారు. పొరపాటేనని కేసు రాసినవాళ్లు ఒప్పుకున్నారు. సున్నాలు తీసేశాక అది నాలుగు నిమిషాల్లో ముగిసింది.